ప్రకృతి అందాలు కాదండీ, అది మన డ్రెయిన్!

పోస్టు కాస్త పెద్దదే. పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, తీరిగ్గా కూర్చుని చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే కింద తిట్టండి, పర్లేదు.

విషయం ఫొటోల గురించి. మన గోదారి జిల్లాల ఫొటోలు పెట్టే పేజీలు ఇప్పుడు ఎన్నున్నాయో లెక్క లేదు. ధవళేశ్వరం బ్యారేజీ మీద సూర్యోదయం, పుష్కర ఘాట్‌లో సాయంత్రం, పాపికొండల మధ్య మంచు, దిండిలో పడవ, అంతర్వేది లైట్‌హౌస్, కడియం పూలు, కోరంగి మడ అడవి. తీసేవాళ్ళు ఎవరో పెద్ద పెద్ద ఫొటోగ్రాఫర్లు కాదు. మన పిల్లలే. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటా పండక్కి ఇంటికొచ్చినోళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు, రిటైరైన మాస్టార్లు. ఎవరి సరదా వాళ్ళది. మంచి ఫోను ఉంటే చాలు, తెల్లారగట్ల లేచి గట్టు మీదకి వెళ్ళిపోతున్నారు.

అందులో తప్పేముందంటే, ఏమీ లేదు. సొంతూరు మీద ప్రేమ లేనోడు చలిలో లేచి చేను గట్టు మీద ఎందుకు నిలబడతాడు? ఆ ప్రేమని నేను కాదనను. నా గొడవల్లా ఆ ఫొటో కింద రాసే రెండు ముక్కల మీద. "ప్రకృతి అందాలు." "దేవుడిచ్చిన వరం." "ఆంధ్రా కేరళ." ఈ మాటలు వినడానికి బాగుంటాయి. మనమూ లైకు కొట్టేస్తాం. కానీ ఈ మాటలే మన కొంప ముంచుతున్నాయని నేనంటాను. ఎలాగో చెప్తా, వినండి.

మన డెల్టా పచ్చదనాన్ని ప్రకృతి ఊరికే ఇచ్చేయలేదండీ. 1833 కరువు నాటికి కూడా గోదారి ఇక్కడే పారుతోంది. ప్రకృతి అప్పుడూ ఉంది. నది పక్కన ఉండి కూడా జనం తిండి లేక చచ్చిపోయారు. 1847లో కాటన్ దొర ఆనకట్ట మొదలెట్టి 1852కి పూర్తి చేస్తే, కాలువలు తవ్వితే, లాకులు కడితే, తూములు పెడితే, ఆ తర్వాత కదా ఈ నేల పచ్చబడింది! ఇవాళ తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి పది లక్షల ఎకరాల పైన తడుస్తోంది. నీరు రావడానికి కాలువ ఎంత ముఖ్యమో, వచ్చిన నీరు పోవడానికి డ్రెయిన్ అంత ముఖ్యం. అందుకే 1968లో కృష్ణా గోదావరి డెల్టాల కోసం డ్రెయినేజి సెస్సు చట్టం చేశారు. మురుగు పోవడానికని పెద్దలు భూమి మీద పన్ను కట్టారు. అంటే ఈ పచ్చదనానికి ఖర్చుంది, లెక్కుంది, చూడాల్సిన శాఖ ఉంది.

దాన్ని "ప్రకృతి" అన్నామనుకోండి, ఇక ఎవరికీ బాధ్యత లేదు. దేవుడిచ్చిన దానికి బడ్జెట్ ఎందుకు? వరానికి పూడికతీత ఎందుకు? ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు చెయ్యాల్సిన పనులు చెయ్యకపోయినా, జూన్‌లో నీళ్ళొదిలాక టెండర్లు పిలిచినా అడిగేవాడుండడు. ఎందుకంటే ఫొటోలో పచ్చగానే ఉంది కదా!

ఇంకో మాట. ఫొటోలో అందంగా పడేది చాలాసార్లు చేనుకి చేటు చేసేదే. ఎక్కువగా తిరుగుతున్న ఫొటోలు నాలుగు తీసుకుందాం. రైతు కంటితో చూద్దాం.

ఒకటి, ఊదా రంగు పూలతో నిండిన కాలువ. రెండు పక్కలా కొబ్బరిచెట్లు, మధ్యలో పూల తివాచీ. వేల లైకులు. ఏవండీ, అది గుర్రపు డెక్క! ఆ పూల కింద నీరు కదలట్లేదు. వర్షం కురిస్తే రెండ్రోజుల్లో లాగాల్సిన డ్రెయిన్ వారమైనా లాగట్లేదంటే ఆ తివాచీ వల్లే. అది పూసిందంటే దాన్ని తీయించాల్సినోళ్ళు తీయించలేదని అర్థం.

రెండు, చేలో అద్దంలా నీరు, అందులో సూర్యాస్తమయం. ఊడ్పుల ముందు దమ్ము చేసిన చేనైతే సరే, ఆ నీరు మనం పెట్టిందే. కానీ సెప్టెంబరు, అక్టోబరుల్లో పొట్ట మీదున్న చేలో ఆకాశం కనబడుతోందంటే అది ముంపు. ఆ అద్దం కింద ఒక కుటుంబం ఏడాది కష్టం కుళ్ళిపోతోంది.

మూడు, దాళ్వా చేల మీద పొగమంచు. ఆకు కొసన మంచు బొట్టు. చూడ్డానికి ముత్యంలా ఉంటుంది. రాత్రి చల్లగా ఉండి, ఆకు తెల్లారి చాలాసేపటి దాకా తడిగా ఉంటే అగ్గి తెగులుకి అంతకన్నా కావాల్సిందేముంది? ఆ ఫొటో చూసి ఊళ్ళో వాళ్ళు "వావ్" అంటారు. చేను గలాయన మందుల కొట్టుకి పరిగెడతాడు. అలాగే కంటికి మరీ ముదురు పచ్చగా నిగనిగలాడే చేను. యూరియా ఎక్కువైందని మనకి చూడగానే తెలుస్తుంది. సుడిదోమ ముందు దిగేది అక్కడే.

నాలుగు, ఎర్రటి ఆకాశం ముందు తలలు లేని కొబ్బరిచెట్లు. నీడ బొమ్మల్లా ఉంటాయి, చాలా బాగా పడతాయి. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ పక్కన కేశనపల్లి తోటలు చూసినోళ్ళకి ఆ బొమ్మ ఏంటో చెప్పక్కర్లేదు. పోటుకి సముద్రపు నీరు డ్రెయిన్‌లోకి ఎగదన్ని, తోటల్లో నిలబడి, వేళ్ళు చచ్చి, మొవ్వు రాలిపోయిన చెట్లవి. కొబ్బరిచెట్టు తల పోతే మళ్ళీ చిగురెయ్యదు. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి వచ్చి ఆ తోటలు చూసి వెళ్ళారు. ఆ తర్వాత రాష్ట్రమంతా ఏం మాట్లాడుకుంది? దిష్టి గురించి! ఎవరి దిష్టి, ఎవరు ఎవర్నన్నారు అని రోజుల తరబడి గొడవ. పోటు నీరు ఎందుకు ఎగదన్నుతోంది, డ్రెయిన్‌ని ఎప్పుడు బాగు చేస్తారు అన్న ప్రశ్న ఆ గోలలో వెనక్కి పోయింది. పచ్చదనాన్ని వరం అనుకుంటే, అది పోయినప్పుడు దిష్టి అనుకోవడమే మిగులుతుంది మరి.

"ఫొటో వల్ల మనకొచ్చిన నష్టమేంటి బాబాయ్, వాళ్ళేదో సరదాకి పెట్టుకుంటారు" అని మీరనొచ్చు. నష్టం ఉంది. మనలో సొంత భూమి చేసేవాళ్ళెంతమంది, కౌలుకి చేసేవాళ్ళెంతమంది? మా వైపు ఏ గట్టు మీద నిలబడి చూసినా ఎక్కువ చేలు కౌలు చేలే. భూమి గలాయన పట్నంలో ఉంటాడు. చేను ఆయనకి ఫోన్లోనే కనబడుతుంది. పచ్చటి ఫొటో చూసి "ఈ ఏడు బాగా పండినట్టుందే, ఇంకో రెండు బస్తాలు పెంచు" అన్నాయన మా చుట్టుపక్కలే ఉన్నాడు. ఆ ఫొటో తీసినప్పటికి చేను ఈనలేదు. తర్వాత తుపాను వచ్చింది. కానీ బస్తాల మాట మాత్రం ఫొటో రోజే ఖాయమైపోయింది. కౌలు గుర్తింపు కార్డుకి భూమి గలాయన సంతకం కావాలి. ఆయన చేత సంతకం పెట్టించుకోవాల్సినవాడు ఆ రెండు బస్తాల దగ్గర ఏమని గట్టిగా మాట్లాడతాడు?

ఇంకో నష్టం. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. కంకి మీదున్న సార్వా చేలు వాలిపోయాయి. నష్టం రాయడానికి మనుషులొచ్చేది నీరు కొంచెం లాగాక. 33 శాతం పైన నష్టం ఉంటేనే పెట్టుబడి రాయితీ. ఎన్ని రోజులు మునిగిందో చేను తనంతట తాను చెప్పదు. నీరు తీశాక ఆకు మళ్ళీ పచ్చగానే కనబడుతుంది. లోపల గింజ తాలు. "పచ్చగానే ఉంది కదండీ" అంటే ఏం చూపిస్తాం? మునిగిన రోజున, చేను నిండా నీళ్ళున్నప్పుడు తీసిన ఫొటో ఉందా మన దగ్గర? ఉండదు. మన ఊరివి పండగ ఫొటోలు వెయ్యి ఉంటాయి, ముంపు ఫొటో ఒక్కటుండదు.

పచ్చదనం సాక్ష్యం కాదనడానికి పెద్ద ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు లేక, కూలి పెరిగి, ముంపు తగ్గక, లక్ష ఎకరాల దాకా సార్వా వెయ్యలేదు. దేశమంతా మాట్లాడుకుంది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. ఆ వానాకాలం ఎవరైనా పైనుంచి ఫొటో తీసి ఉంటే ఎలా ఉండేదంటారు? పచ్చగానే ఉండేది. వెయ్యని చేలో గడ్డి పెరుగుతుంది కదా! 2022లో మళ్ళీ అదే మాట వినబడింది, మళ్ళీ ముంపు గురించే. రైతు పంట మానేసినా ఫొటోలో తేడా తెలియదన్నమాట.

ఇక మీరు వెయ్యబోయే ప్రశ్నలు. మొదటిది, "మురుగు ఫొటోలు పెడితే ఊరి పరువు పోదా? భూమి రేటు పడిపోదా? రేపు పిల్లల సంబంధాలకి ఎవరొస్తారు?" ఇది నేను చాలామంది నోట విన్నాను. భూమి రేటు గురించి అడిగేవాడు అమ్ముకుని పోయేవాడు. పండించుకునే వాడికి కావాల్సింది మురుగు పోయే భూమి. ఇక పరువంటారా, డ్రెయిన్ పూడిపోతే పోయేది చూడాల్సినోళ్ళ పరువు. మన చేను మునిగితే మనమెందుకండీ సిగ్గుపడ్డం?

రెండోది, "టూరిస్టులొస్తే నాలుగు డబ్బులు రావా?" వస్తాయి. రిసార్టుకొస్తాయి, హోటలుకొస్తాయి, కార్లు తిప్పేవాళ్ళకొస్తాయి. వాళ్ళూ మనోళ్ళే, బాగుపడనివ్వండి. కానీ సంక్రాంతి మూడు రోజులూ కొత్తగా ఊడ్చిన దాళ్వా చేల గట్లు ఎవరు తొక్కారు? గట్టు తెగి నీరు పక్క చేలోకి పోతే మళ్ళీ మట్టెవరు వేశారు? గాజు సీసా పెంకు కాల్లో గుచ్చుకున్న కూలీ మనిషికి కట్టెవరు కట్టించారు? ఫొటో తీసుకోవడానికి మన చేలోకి దిగేవాడు ముందు ఒక్క మాట అడగాలి. మనమూ "ఏంటి బాబూ" అని పలకరించి, ఎక్కడ తొక్కొచ్చో ఎక్కడ తొక్కకూడదో చెప్పాలి.

మూడోది, అసలైన ప్రశ్న. "ఫొటో పెడితే డ్రెయిన్ బాగుపడిపోద్దా?" పడదు. ఒక్క ఫొటోతో ఏదీ కాదు. కానీ తేదీ, చోటు రాసిన ఫొటో వరుసగా నాలుగేళ్ళు ఉంటే అది మాటల్లా ఎగిరిపోదు. ఈ విషయం మనకన్నా పిట్టల ఫొటోలు తీసేవాళ్ళకి బాగా తెలుసు. కోరంగికి, కొల్లేటికి, ఆటపాక పెలికాన్ పక్షుల దగ్గరికి వచ్చేవాళ్ళని గమనించండి. వాళ్ళూ సరదాకి తీసేవాళ్ళే. కానీ ఏ రోజు, ఏ చోట, ఏ జాతి, ఎన్ని పిట్టలు అని రాసుకుంటారు. ఈ-బర్డ్ అని ఒక సైట్ ఉంది, అందులో ఎక్కిస్తారు. ప్రతి జనవరిలో ఆసియా నీటి పక్షుల లెక్క జరుగుతుంది. 1987 నుంచీ జరుగుతోంది. ఒకచోట పిట్టలు తగ్గాయంటే ఆ లెక్క చూపించి అడుగుతారు. మంచిదే. వలసొచ్చే పిట్టకి లెక్కుంది. ఇక్కడే పుట్టి ఇక్కడే మునిగే చేనుకి ఏ లెక్కా లేదు!

బయట దేశంలో సంగతి కూడా చెప్తాను. 1930లలో అమెరికాలో రైతులు చితికిపోయినప్పుడు, వాళ్ళ ప్రభుత్వమే జీతాలిచ్చి ఫొటోగ్రాఫర్లని పల్లెలకి పంపింది. 1936లో డొరొతియా లాంగ్ అనే ఆవిడ కాలిఫోర్నియాలో బఠాణీ కోత కూలీల శిబిరంలో పిల్లలతో దిగాలుగా కూర్చున్న ఒక తల్లిని ఫొటో తీసింది. అది పత్రికలో రాగానే ఆ శిబిరానికి తిండి సామాను పంపారు. ఫొటోకి అంత బలముంది. అయితే కథలో రెండో సగం కూడా ఉంది. సామాను వచ్చేసరికి ఆ తల్లి అక్కడ లేదు, వేరే పని వెతుక్కుంటా వెళ్ళిపోయింది. ప్రపంచమంతా తిరిగిన ఆ ఫొటో వల్ల తనకి దమ్మిడీ రాలేదని ఆవిడ పెద్దయ్యాక చెప్పింది.

ఈ రెండో సగం మనకీ వర్తిస్తుంది. మన ఫొటోల్లో వంగి ఊడ్చే ఆడవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మొహాలుండవు, రంగు రంగుల చీరలుంటాయి. కింద "పల్లె సొగసు" అని రాస్తారు. నడుం విరిగేలా వంగిన మనిషి ఎవరికి సొగసు? వాళ్ళని అడిగి తియ్యండి. ఫలానా రోజున ఇంత కూలికి ఇన్ని గంటలు ఊడ్చారు అని రాయండి. మన పిల్లలకి ఈ మాట మనమే చెప్పాలి.

మరి ఏం చెయ్యమంటావు అంటారా? నాలుగు పనులు. ఏదీ కష్టం కాదు.

ఒకటి. మీ ఊరి డ్రెయిన్ మీద ఒక వంతెన ఎంచుకోండి. శంకరగుప్తమో, కూనవరమో, కౌశికో, యనమదుర్రో, తుల్యభాగో, ఏదైనా సరే. ఏడాదికి నాలుగుసార్లు అదే వంతెన మీద, అదే చోట నిలబడి, అదే దిక్కుకి ఫొటో తియ్యండి. కాలువలు కట్టేసిన మే నెలలో, పెద్ద వానల ఆగస్టులో, సార్వా కోతలప్పుడు, దాళ్వా ఊడ్పులయ్యాక. నాలుగు పక్క పక్కన పెడితే పూడిక తీశారో లేదో బిల్లు చూడక్కర్లేదు.

రెండు. చేను మునిగితే అదే రోజు తియ్యండి. తర్వాత రోజూ ఒకటి, నీరు లాగేదాకా. నీటి లోతు తెలిసేలా కర్రో, గట్టు రాయో, మనిషి మోకాలో ఫొటోలో ఉండాలి. తేదీ, చోటు ముద్రించే యాప్‌లు ఫోన్లో ఉచితంగా దొరుకుతున్నాయి. సర్వే నంబరు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆధారు, పాసు పుస్తకం మాత్రం ఎక్కడా బయట పెట్టొద్దు.

మూడు. అసలు ఫొటో ఫోన్లో చెరపొద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుంచించుకుపోతుంది, లోపలుండే తేదీ, చోటు వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఉంటాయి. అర్జీ రాసి, ఈ ఫొటోలు జతచేసి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. 2024 డిసెంబరులో నీటి సంఘాలకి ఎన్నికలు జరిగాయి. మీ సంఘం అధ్యక్షుడెవరో కనుక్కుని ఆయన చేతిలో కూడా పెట్టండి. అర్జీ ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

నాలుగు. అబద్ధం ఫొటో పెట్టొద్దు. పోయిన తుపాను ఫొటో ఈ తుపానుకి పెట్టేవాళ్ళు మనలోనూ ఉన్నారు. ఒక్క పాత ఫొటో బయటపడితే నిజంగా మునిగిన వందమంది ఫొటోలనీ అబద్ధమంటారు. రెండడుగుల నీరుంటే రెండడుగులనే రాయండి.

కెమెరా ఉన్న మన కుర్రాళ్ళకి కూడా ఒక మాట. 2024 ఆగస్టు 5న కుమారదేవం సినిమా చెట్టు కూలిపోయింది గుర్తుందా? నూటయాభై ఏళ్ళ నిద్రగన్నేరు. ఎన్నో సినిమాలు దాని కింద తీశారు, లెక్కలేనంతమంది ఫొటోలు దిగారు. కూలిన రోజు అందరి ఫోన్లలోనూ అదే చెట్టు, అదే బాధ. కొమ్మలు విరబోసుకున్న ఫొటోలు వందలు చూశాను. ఏడాదికేడాది దాని మొదలు, వేళ్ళు, గట్టు ఎలా ఉన్నాయో చూపించే ఫొటో మాత్రం నా కంట ఒక్కటీ పడలేదు. అంత ప్రేమించిన చెట్టుని కూడా మనం పైకే చూశాం. డెల్టాకి డ్రెయిన్లే వేళ్ళండీ. ఆ వేళ్ళ వైపు కూడా ఒకసారి కెమెరా తిప్పండి బాబూ. మీకు వేల మంది చూసేవాళ్ళున్నారు, మా అర్జీకి ఒక్క గుమస్తా ఉన్నాడు. సూర్యోదయం పది ఫొటోలు పెడితే పదకొండోది డ్రెయిన్‌ది పెట్టండి. లైకులు తగ్గుతాయి. తగ్గనివ్వండి.

పచ్చటి ఫొటో చూస్తే నాకూ కడుపు నిండుతుంది. అది మన చెమటే. అందుకే దాని కింద "ప్రకృతి" అని రాసి ఉంటే ఒప్పుకోలేకపోతున్నాను. ఈసారి అలాంటిది కనబడితే లైకు కొట్టే ముందు కింద రెండు ప్రశ్నలు రాయండి: "ఇది ఏ కాలువ కింద? మురుగు ఏ డ్రెయిన్‌లోకి?" తీసినబ్బాయికి తెలిస్తే చెప్తాడు. తెలియకపోతే తెలుసుకుంటాడు.

ఈ ఏడు కాలువలు కట్టేసిన వారంలో మీ వంతెన మీద నుంచి మొదటి ఫొటో తీసి ఈ పోస్టు కింద పెట్టండి. ఊరి పేరు, డ్రెయిన్ పేరు, తేదీ. అంతే చాలు. ఎన్ని ఊళ్ళొస్తాయో చూద్దాం. ఉంటానండి.